వజ్రమ్మ, చప్పుడు లేని కారు

వజ్రమ్మకు కరెంటంటే భయం. మెదక్‌లో పెద్ద చర్చికి వెనకవైపు గల్లీలో ఆమె, కూతురు ఇషిత ఉండే రెండు గదుల ఇంటికి ఎవరు వెళ్ళినా ఆ సంగతి పది నిమిషాల్లో తెలిసిపోతుంది. స్విచ్చు వేయాలంటే ఆమె ముందు రబ్బరు చెప్పులు తొడుక్కుంటుంది. చెయ్యి కొంగుకు రెండుసార్లు తుడుచుకుంటుంది. అప్పుడు చపాతీ కర్ర కొసతో మీట నొక్కుతుంది. ఇంట్లో మిక్సీ లేదు, గీజరు లేదు. పచ్చడి రోట్లోనే నూరాలి. ఫోను చార్జింగు పెట్టే పని ఇషితది. ఉరుములు ఉరుముతుంటే ఆ పిల్ల కూడా పెట్టడానికి వీల్లేదు.

అదే మనిషి కారు తోలుతుంటే చూసినవాళ్ళు ఇదంతా నమ్మరు. వజ్రమ్మకు నలభై ఆరేళ్ళు. పదేళ్ళుగా కిరాయి కారు నడుపుతోంది. రామాయంపేట దగ్గర హైవే ఎక్కి, రెండు కంటైనర్ లారీల మధ్య నుంచి పోతూ కూడా, వెనక సీట్లో వాంతికొచ్చిన పేషెంటుకు వెనక్కి తిరక్కుండానే కవరు అందిస్తుంది. మెదక్ నుంచి హైదరాబాద్ పెద్ద దవాఖానలకు పోవలసినవాళ్ళు బస్సులో కూర్చోలేని స్థితిలో ఉంటే ముందు ఆమెకే ఫోను చేస్తారు.

ఆ భయం పుట్టింది పదకొండేళ్ళ కింద. అప్పుడు ఊరవతల వాళ్ళకు ఎకరంన్నర పొలం, ఒక బోరు ఉండేవి. భర్త రాంచందర్ డీజిల్ బండిని కిరాయికి తిప్పుతూ మధ్య మధ్య పొలం చూసుకునేవాడు. ఆషాఢంలో ఒకరోజు పొద్దున వాన పడి వెలిసింది. వజ్రమ్మ సద్ది తీసుకుని పొలానికి పోయింది. గట్టు మీద నిలబడగానే పక్క చేన్లో మోటరు మొదలైన చప్పుడు వినిపించింది. "కరెంటొచ్చింది! జల్ది మోటరెయ్యి!" అని కేకేసింది. రాంచందర్ బురద కాళ్ళతోనే వెళ్ళి ఇనప స్టార్టర్ డబ్బా తలుపు పట్టుకున్నాడు. పట్టుకున్న చెయ్యి పట్టుకున్నట్టే ఉండిపోయింది. వజ్రమ్మ పరుగెత్తింది. పది అడుగుల దూరంలో ఆమె కాళ్ళు ఆగిపోయాయి. పక్క చేనువాళ్ళు వచ్చి ఎండుకట్టెతో కొట్టి విడిపించేదాకా అక్కడే నిలబడి చూసింది.

కేక వేసింది తానేనని ఆమె ఎవరికీ చెప్పలేదు. తొమ్మిదేళ్ళ ఇషితకు ఆనాడూ చెప్పలేదు, డిగ్రీ చదువుతున్న ఇషితకు ఈనాడూ చెప్పలేదు.

పొలం అమ్మేశారు. బండి కూడా అమ్మేయమని చుట్టాలన్నారు. అప్పుడది రిపేరుకని మోహసిన్ షెడ్డులో ఉంది. మోహసిన్ ఊళ్ళో పాత డీజిల్ మెకానిక్కు. బండి తీసుకుపోవడానికి వచ్చిన వజ్రమ్మతో, "చెల్లే, ఇది అమ్మితె ఆర్నెల్లు తింటరు. నేను నేర్పిస్త, నువ్వే తోలు" అన్నాడు. చెప్పినట్టే పొద్దుటిపూట ఖాళీ మైదానంలో రెండు నెలలు నేర్పించాడు. డీజిల్ ఇంజను ఆమెకు త్వరగానే అర్థమైంది. దానికి ఏం నొప్పి వచ్చినా ముందే చెబుతుంది. దగ్గుతుంది, పొగ వదులుతుంది, వేడెక్కితే వాసన కొడుతుంది. కరెంటు అట్లా కాదు. అది ఉందో లేదో కూడా తెలియదు.

ఈ ఏడు ఎండాకాలం నుంచి ఆమె బండిలో ఇరవై ఒక్క రోజులకోసారి మెహ్జబీన్ పోతోంది. ముప్పై రెండేళ్ళ పిల్ల, ఉర్దూ మీడియం బడిలో టీచరు. రొమ్ములో గడ్డకు ఆపరేషనై, ఇప్పుడు కీమో మందు ఎక్కిస్తున్నారు. వెంట తల్లి గౌహర్ బీ వస్తుంది. పోయేటప్పుడు బాగానే ఉంటుంది. మందు ఎక్కించుకుని వచ్చేటప్పుడే కష్టం. మేడ్చల్ దాటేలోపు మూడుసార్లు బండి ఆపాలి. ఒకసారి రోడ్డు పక్కన నోరు కడుక్కుని వచ్చి, సీట్లో కూర్చోకుండా తలుపు పట్టుకుని నిలబడింది.

"అక్కా, మీరేమనుకోవద్దు. నాకు ఆ మందు కంటె ఈ బండి వాసనకే ఎక్కువ భయమైతుంది. గడగడ ఊగుతుంటె పేగులు బయటికొస్తయేమో అనిపిస్తది."

వజ్రమ్మ బానెట్ మీద చెయ్యి వేసింది. పదేళ్ళు తనకు అన్నం పెట్టిన బండి. అయినా ఆ పిల్ల చెప్పింది నిజమే.

మోహసిన్ కూడా ఆ నెలలోనే తేల్చి చెప్పాడు. "ఇంకో వానాకాలం మొయ్యదు చెల్లే. ఇంజను చేపిచ్చినా బాడీ ఆగదు. వేరేది చూసుకో."

చూసింది. సెకండ్ హ్యాండు డీజిల్ బండ్లు రెండు మూడు చూసింది. మంచిది ధరకు అందలేదు. అందినది మోహసిన్‌కు నచ్చలేదు. అప్పుడు రామాయంపేటలో కార్లు అమ్మిపెట్టే శ్రీకాంత్ ఫోను చేశాడు. హైదరాబాద్‌లో ఒక ఆసామి దగ్గర విదేశీ కంపెనీ కారొకటి ఉందట. ఇట్లాంటివి ఇక్కడ అరుదు కనుక కొనేవాళ్ళు జంకుతున్నారట, అందుకే ధర దిగిందట. కిరాయికి తిప్పడానికి పసుపు ప్లేటు చేయించే పని కూడా తనే చూసుకుంటాడట.

"ఇండ్ల డీజిలూ ఉంటది, కరెంటూ ఉంటది అక్కా. ఇంట్ల ప్లగ్గు పెట్టి చార్జింగు చేస్తె యాభై కిలోమీటర్లు చప్పుడు గూడ లేకుంట పోతది. చార్జింగు అయిపోతె దానంతటదే డీజిల్ ఇంజను షురువైతది."

"ప్లగ్గు పెట్టాల్నా?"

"ఫోనుకు పెట్టినట్టే."

"నాకొద్దు" అని వజ్రమ్మ ఫోను పెట్టేసింది.

కానీ "చప్పుడు లేకుంట" అన్న మాట చెవిలో ఉండిపోయింది. మెహ్జబీన్‌కు నాలుగో కీమో అయిన రోజు, తిరుగు దారిలో తూప్రాన్ దగ్గర ఆగితే కారు చూపిస్తానని శ్రీకాంత్ మళ్ళీ అడిగాడు. ఎట్లాగూ బండి ఆపక తప్పదు కదా అని ఆగింది. బూడిద రంగు కారు. మెహ్జబీన్‌ను, గౌహర్ బీని వెనక కూర్చోబెట్టి వజ్రమ్మ స్టీరింగు ముందు కూర్చుంది. బటన్ నొక్కింది. ఏమీ కాలేదు.

"స్టార్ట్ అయితలేదు."

"అయింది అక్కా. పోనియ్యుండ్రి" అన్నాడు పక్కన కూర్చున్న శ్రీకాంత్.

కాలు మోపగానే కారు కదిలింది. ఇంజను లేదు, వణుకు లేదు, రోడ్డే కింద నుంచి జారిపోతున్నట్టుంది. ఎక్కడో కాళ్ళ కింద, సీటు కింద, ఆ కనపడనిది నడుస్తోంది. మనోహరాబాద్ స్టేషన్ దాకా పోయి వెనక్కి తిప్పేసరికి ఆమె అరచేతులు చెమటతో స్టీరింగు మీద జారుతున్నాయి. వచ్చేటప్పుడు సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న ముసలాయన కారు చప్పుడు వినక సరిగ్గా ముందుకొచ్చాడు. బ్రేకు తొక్కింది. ఆయన మోకాలికీ బంపరుకూ మధ్య జానెడు ఉంది. ఆయన తిట్టుకుంటూ పోయాడు. వజ్రమ్మ కారును రోడ్డు పక్కకు తీసి ఆపింది.

"నాకొద్దు. దిగుండ్రి" అని వెనక్కి తిరిగింది.

గౌహర్ బీ నోటి మీద వేలు పెట్టుకుని ఉంది. ఆమె భుజం మీద తలవాల్చి మెహ్జబీన్ నిద్రపోతోంది. మందు ఎక్కించిన రోజు ఆ పిల్ల దారిలో కన్ను మూయడం వజ్రమ్మ ఎన్నడూ చూడలేదు. "లేపకు, జర సేపు ఉండనియ్యి" అంది గౌహర్ బీ గుసగుసగా. పావుగంట సేపు నలుగురూ ఆ కారులోనే కదలకుండా కూర్చున్నారు.

ఆ పావుగంట వల్లనే వజ్రమ్మ ఖచ్చితంగా వద్దనలేకపోయింది. ఆదివారం కారును మోహసిన్ షెడ్డుకు తెప్పించింది. ఆయన బానెట్ ఎత్తి, డీజిల్ ఇంజనును చెవితో, వేళ్ళతో చాలాసేపు చూసి తల ఊపాడు. "ఇంజను మస్తుంది." తర్వాత పక్కన బొటనవేలంత లావున్న నారింజ రంగు తీగలు కనిపించాయి. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నలభై ఏండ్ల సంది ఇంజన్లల్ల చెయ్యి పెడుతున్న చెల్లే. దీంట్ల మాత్రం పెట్ట."

"ఏమైతది భాయ్?"

"మన ఇండ్లల్లకొచ్చే కరెంటు కంటె దీంట్ల ఎక్కువంట. ఒక్కసారి పట్టుకుంటె..." రాంచందర్ గుర్తొచ్చినట్టున్నాడు, మాట మింగేశాడు. "దీన్ని కంపెనీవోళ్ళే చూడాలె" అని చెయ్యి తుడుచుకున్నాడు.

ఆయన మింగేసిన మాట వజ్రమ్మకు అన్నం తింటున్నా, నీళ్ళు తోడుతున్నా వినిపిస్తూనే ఉంది. మోహసిన్ దేనికైనా జంకడం ఆమె అప్పుడే చూసింది. ఇంకో భయం అంతకంటే పెద్దది. రోజూ సాయంత్రం ఆ ప్లగ్గు పెట్టేది ఎవరు? తను పెట్టలేదు. అంటే ఇషిత పెట్టాలి. వానాకాలంలో, తడి వాకిట్లో, రోజూ.

"అమ్మా, ఊళ్ళె అందరిండ్లల్ల కరెంటుంది. అందరు సచ్చిపోతుండ్రా?" అని ఇషిత విసుక్కుంది. "మెహ్జబీనక్క నిద్రపోయిందని నువ్వే చెప్తివి. రెండు దినాలు మనింట్ల పెట్టుకొని చూద్దాం. నచ్చకుంటె వాపస్ ఇద్దాం."

శుక్రవారం శ్రీకాంత్ కారు తెచ్చి వాకిట్లో పెట్టాడు. ఇరుకు వాకిలి. కారుకూ ప్రహరీగోడకూ మధ్య మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు మిగిలింది. ఇషిత ప్లగ్గు పెట్టింది. వజ్రమ్మ గడపలో నిలబడి, పిల్ల చెయ్యి ప్లగ్గు వదిలేదాకా ఊపిరి బిగబట్టింది. చార్జింగు తీగ మధ్యలో ఉన్న చిన్న డబ్బా మీద ఎర్రలైటు వెలిగింది. చార్జింగు ఎక్కలేదు. తీసి పెట్టారు. మళ్ళీ ఎరుపే.

వజ్రమ్మకు ప్రాణం లేచొచ్చింది. "అదే వద్దంటుంది. వదిలెయ్యి."

శ్రీకాంత్‌కు ఫోను చేస్తే, "ఇంట్ల ఎర్తింగ్ లేనట్టుంది, గంతే" అని, మరునాడు పొద్దున ఒక చిన్న ప్లగ్గు తెచ్చాడు. గోడలోని సాకెట్టుకూ చార్జింగు తీగకూ మధ్యలో దాన్ని పెట్టాడు. పచ్చలైటు వెలిగింది.

"మరి ఎర్తింగు?" అంది వజ్రమ్మ.

"గదేం అవసరం లేదక్కా. మస్తుమంది గిదే వాడుతుండ్రు."

ఆ శనివారం మధ్యాహ్నం నుంచి గాలివాన. కారు చార్జింగులో ఉంది. తీసేయమని వజ్రమ్మ రెండుసార్లు అంటే, బోర్డు మీద ప్లాస్టిక్ కవరు కప్పి ఉందనీ తడవదనీ ఇషిత రెండుసార్లూ చెప్పింది. ఐదున్నరకు వాన తగ్గింది. వజ్రమ్మ పొయ్యి మీద చాయ పెట్టింది. ఉన్నట్టుండి ఫ్యాను ఆగింది. వంటింటి బల్బు ఆరిపోయింది.

"కరెంటు పోయింది" అంది ఇషిత ముందుగదిలోంచి. "నా బ్యాగు కార్ల ఉంది, తెచ్చుకుంట. ఎట్లనూ కరెంటు లేదు, ప్లగ్గు కూడ తీసేస్త."

చెప్పులు వేసుకోకుండానే వాకిట్లోకి దిగింది.

వజ్రమ్మ చాయ గిన్నె మూత తీయబోయి ఆగింది. పక్కింట్లో టీవీ మోగుతోంది. సీరియల్లో ఎవరో ఏడుస్తున్నారు. ఎదురింటి మిద్దె మీద బల్బు వెలుగుతూనే ఉంది. అందరికీ ఉంది. తమ ఇంట్లోనే పోయింది. ఎందుకు పోయిందో ఆమెకు తెలియదు. కానీ తమ ఇంట్లో ఒక్కదాంట్లో పోయిందంటే ఎక్కడో ఏదో తెగింది. తెగింది ఎక్కడ పడింది?

గడపలోకి ఉరికింది. ఇషిత తడి బండల మీద వట్టి కాళ్ళతో కారు తలుపు వైపు చెయ్యి చాపుతోంది. వజ్రమ్మ నోరు తెరిచింది. గొంతులోంచి మాట రాలేదు. చేతికి అందిన స్టీలు చెంబు తీసి విసిరింది. అది ఇషిత భుజానికి తగిలి గోడకు కొట్టుకుని కింద పడింది.

"అమ్మా!" ఇషిత భుజం పట్టుకుని కోపంగా తిరిగింది. తల్లి ముఖం చూసి అక్కడే ఆగిపోయింది.

"ముట్టకు" అంది వజ్రమ్మ. అప్పుడొచ్చింది గొంతు. "కదలకు. గట్లనే వెనుకకు రా. మెల్లగ."

ఇషిత వచ్చి గడప ఎక్కింది. వజ్రమ్మ రబ్బరు చెప్పులు తొడుక్కుని, కరెంటు ఉందో లేదో చూడడానికి సంచిలో ఎప్పుడూ ఉంచుకునే టెస్టరు తీసుకుని కారు దగ్గరికి పోయింది. టెస్టరు మొన తలుపు పిడికి ఆనించింది. పైన వేలు పెట్టింది. టెస్టరు లోపల ఎర్రగా వెలిగింది.

కరెంటు లేని ఇంట్లో, కారు ఒంటినిండా కరెంటు ఉంది.

మెయిన్ స్విచ్చు గేటు పక్కన గోడకు ఉంది. అక్కడికి పోవాలంటే కారుకూ గోడకూ మధ్యనున్న ఆ సందులోంచే పోవాలి. ఇషిత వెనక నుంచి "వద్దమ్మా, ఎవరినన్న పిలుద్దాం" అని ఏడుస్తోంది. ఎవరైనా గేటు తీసి లోపలికి వస్తే ముందు చెయ్యి వేసేది కారు మీదే. వజ్రమ్మ కాళ్ళు కదల్లేదు. పొలం గట్టు దగ్గర ఆగినట్టే ఆగిపోయాయి. ఎంతసేపు అట్లా నిలబడిందో తెలియదు. ఇషిత తనకోసం మళ్ళీ వాకిట్లోకి దిగబోతున్న అలికిడి విని, చీర కొంగు బిగించి నడుముకు చుట్టుకుంది. వీపు గోడకు ఆనించి, కడుపు లోపలికి పీల్చుకుని, పక్కపక్కగా అడుగులేసింది. కారు అద్దంలో తన ముఖం తన ముందే జరుగుతూ కనిపించింది. తడి గోడకు వీపు రాసుకుపోయింది. గేటు దగ్గర మెయిన్ ఇనప డబ్బా. దానికీ టెస్టరు పెట్టింది. వెలగలేదు. కళ్ళు మూసుకుని పిడి కిందికి లాగింది.

తర్వాత కారుకు మళ్ళీ టెస్టరు పెడితే వెలగలేదు. వజ్రమ్మ ఆ తడి నేల మీదే కూలబడింది.

కరెంటు ఆఫీసుకు ఫోను చేస్తే అరగంటలో నిస్సి వచ్చింది. ఇరవై ఆరేళ్ళ పిల్ల, జూనియర్ లైన్‌మన్. నడుముకు బెల్టు కట్టుకుని స్తంభం ఎక్కి చూసి దిగింది. తర్వాత శ్రీకాంత్ ఇచ్చిన ప్లగ్గు ఊడదీసి మరలు విప్పింది. లోపల వేలెడు పొడవు తీగ ముక్క ఒకటి రెండు పిన్నులను కలిపి ఉంది. దాన్ని చూసి ఆ పిల్ల ముఖం మారిపోయింది.

"ఇది ఎవలిచ్చిండ్రమ్మా?"

"కారు అమ్మెటాయన. ఎందుకు బిడ్డా?"

"ఇంట్లకొచ్చిన కరెంటు ఒక తీగల వచ్చి ఇంకో తీగల తిరిగి పోవాలె. గాలికి మీ ఇంటికొచ్చే ఆ తిరుగు తీగ స్తంభం కాడ ఊడింది. అందుకే ఫ్యాన్లు, లైట్లు బందైనయి. మామూలుగ అయితె గంతే. కని ఈ ప్లగ్గుల ఆ తిరుగు తీగనే కారు బాడీకి కలిపి పెట్టిండ్రు. ఎటు పోవాల్నో తెల్వక కరెంటంత కారు మీద నిలబడ్డది." తీగ ముక్కను పీకి జేబులో వేసుకుంది. "కారు తప్పేం లేదు. ఎర్తింగ్ లేదు, నేను ఎక్క అని అది ఎర్రలైటు పెట్టి చెప్పింది. మీరు దాని నోరు మూసిండ్రు."

ఇషిత లోపల చాయ పోస్తోంది. వజ్రమ్మ గడప వైపు ఒకసారి చూసింది. గొంతు తగ్గించి అడిగింది.

"బిడ్డా, బోరు కాడ స్టార్టర్ డబ్బ ఉంటది గద. దానికి గూడ ఈ ఎర్తింగ్ ఉంటదా?"

"ఉండాలె. డబ్బ నుంచి ఒక తీగ భూమిలకు దిగుతది."

వజ్రమ్మ ఆ డబ్బాను గుర్తు చేసుకుంది. దాని తుప్పు, దాని వంకర తలుపు, వేలాడే గొళ్ళెం, అన్నీ ఆమెకు కంఠతా వచ్చు. భూమిలోకి దిగే తీగ ఏదీ గుర్తు రాలేదు. అప్పుడు ఆ ముక్కూ మొహం తెలియని పిల్లకు, పదకొండేళ్ళు ఎవరికీ చెప్పనిది చెప్పింది. తనే కేకేసింది. జల్ది అంది. అనకపోతే ఆయన చెప్పులు తొడుక్కునేవాడేమో. చేతులు కడుక్కుని తుడుచుకునేవాడేమో.

"ఆ తీగ ఉంటె బతికేటోడా?"

నిస్సి ఆమె పక్కన కూర్చుంది. "చెప్పలేనమ్మా. ఉంటె ఫ్యూజు కొట్టేసేదేమో. గని ఒకటి చెప్త. మీరు ఆ దినం కేకెయ్యకున్న, ఆ డబ్బ మరునాడైన ఎవర్నో ఒకర్ని పట్టుకునేది. దాన్ల తప్పు మీరు ఒర్లినందుకు రాలే."

వజ్రమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చాయ గ్లాసులతో వచ్చిన ఇషిత గడపలో నిలబడి అంతా విన్నదని ఆమెకు తర్వాత తెలిసింది. ఇషిత ఆ రాత్రి తల్లి పక్కనే పడుకుంది.

ఆదివారం శ్రీకాంత్ వచ్చాడు. వజ్రమ్మ ఊడదీసిన ప్లగ్గు అతని చేతిలో పెట్టింది. "ఇది నీ ఇంట్ల పెడుతవా శ్రీకాంతూ? నీ పిల్లలు తిరిగే కాడ?"

అతను జరిగినదంతా విని తెల్లబోయాడు. "నాకెర్కలే అక్కా, దేవుని తోడు. దుకాణపాయన ఇస్తె తెచ్చిన."

"ఎర్కలేకుంటె ఎర్కలేదని చెప్పాలె. అవసరం లేదని ఎట్ల చెప్తివి?"

కారు వాపసు పంపేసింది. ఇక దాని మాట ఎత్తవద్దని ఇషితకు చెప్పింది. ఆ మధ్యాహ్నమే పాత బండి తీసుకుని, పదకొండేళ్ళ తర్వాత మొదటిసారి పొలం వైపు పోయింది. పొలం కొనుక్కున్న సాయిలు నాటు పనిలో ఉన్నాడు. స్టార్టర్ డబ్బా కొత్తది, నీలం రంగుది. ఎర్తింగు తీగ మాత్రం తెగి పక్కకు వేలాడుతోంది. చూపిస్తే, "రేపు చేపిస్త అక్కా" అన్నాడు. వజ్రమ్మ గట్టు మీద కూర్చుంది. పని చేసే మనిషిని పిలిపించి తీగ భూమిలోకి దించేదాకా లేవలేదు. డబ్బాకు ఇరవై అడుగుల దూరంలోనే కూర్చుంది, అంతకంటే దగ్గరికి పోలేకపోయింది.

మెహ్జబీన్‌కు ఐదో కీమో రోజు వచ్చింది. పాత బండిలోనే పోయారు. వచ్చేటప్పుడు మేడ్చల్ లోపు నాలుగుసార్లు ఆపారు. తూప్రాన్ దాటాక బండి పొగలు కక్కి ఆగిపోయింది. మోహసిన్ వచ్చేదాకా గంటన్నర రోడ్డు పక్కనే. మెహ్జబీన్ తల్లి ఒళ్ళో తలపెట్టుకుని దుమ్ములో పడుకుంది. లారీ పోయినప్పుడల్లా ఒళ్ళు ముడుచుకుంటోంది. "పరేషాన్ కాకండ్రి అక్కా, నేను మంచిగనే ఉన్న" అంది ఒకసారి. ఆమె పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

మరునాడు వజ్రమ్మ నిస్సికి ఫోను చేసింది.

"బిడ్డా, మా ఇంట్ల ఎర్తింగ్ పెట్టాల్నంటె ఏమేం గావాలె?"

ఇంటి పక్కన మనిషి లోతు గుంత తవ్వారు. ఇనప పైపు దించి, బొగ్గు, ఉప్పు పోసి, నీళ్ళు పట్టించి పూడ్చారు. ఇంట్లో తీగలన్నీ మార్పించి, కరెంటు పక్కదారి పడితే తనంతట తానే ఆగిపోయే స్విచ్చు పెట్టించారు. నిస్సి సెలవు రోజు మీటరు తెచ్చి రెండుసార్లు కొలిచింది. వజ్రమ్మ మూడోసారి కొలిపించింది. అప్పుడు శ్రీకాంత్‌కు ఫోను చేసింది. కారు ఇంకా అమ్ముడుపోలేదు. కంపెనీవాళ్ళ చేత బ్యాటరీ చూపించి, కాగితం తెస్తేనే కొంటానంది. వారంలో తెచ్చాడు. కొన్నది.

మొదటి సాయంత్రం ఇషిత ప్లగ్గు అందుకోబోతే వజ్రమ్మ లాక్కుంది. "నువ్వు పెట్టొద్దు. ఎప్పటికీ నేనే పెడుత." చెప్పులు తొడుక్కుంది, చెయ్యి తుడుచుకుంది, కారుకు టెస్టరు పెట్టి చూసింది, గోడకు పెట్టి చూసింది. ప్లగ్గు సాకెట్టులోకి తోసేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకుంది. పచ్చలైటు వచ్చాక కూడా పావుగంట అక్కడే నిలబడింది. ఆరు వారాలైనా అంతే. రోజూ అంతే. వాన మొదలైతే పరుగెత్తి పోయి తీసేస్తుంది. అది చూసి ఇషిత ఇప్పుడు నవ్వడం లేదు.

మెహ్జబీన్ ఆఖరి కీమో రోజు పొద్దున హైదరాబాద్ దాకా డీజిల్ మీదే పోయారు. చార్జింగంతా తిరుగు ప్రయాణానికి దాచి ఉంచింది. సాయంత్రం దవాఖాన ముందు నుంచి కారు చప్పుడు లేకుండా కదిలింది. రోడ్డు దాటేవాళ్ళు కనిపిస్తే వజ్రమ్మ దూరం నుంచే హారన్ కొడుతోంది. మేడ్చల్ వచ్చింది, పోయింది. ఎక్కడా ఆపలేదు. అద్దంలో చూస్తే మెహ్జబీన్ నిద్రపోతోంది, గౌహర్ బీ కూడా నిద్రపోతోంది. చినుకులు మొదలయ్యాయి. వజ్రమ్మ భుజాలు బిగుసుకున్నాయి. తడి రోడ్డు మీద, ఆ నిశ్శబ్దంలో, సీటు కింద ఉన్నదాన్ని తలుచుకుంటూ మెడ తిప్పకుండా తోలింది. మనోహరాబాద్ దాటింది.

తూప్రాన్ దగ్గరికొచ్చేసరికి చార్జింగు అయిపోయింది. ముందు నుంచి చిన్న వణుకు, ఆ వెంటనే డీజిల్ ఇంజను గుర్రుమని లేచింది. వజ్రమ్మ గట్టిగా ఊపిరి వదిలి వెనక్కి ఆనుకుంది.

మెహ్జబీన్ కళ్ళు సగం తెరిచింది. "ఏమైంది అక్కా?"

"ఏం కాలే. డీజిల్ మీద పడ్డది. ఇంక ఇంటికే. పండుకో."